వరస కలిసినంత మాత్రాన

ఫిబ్రవరి 11

పాలు పడ్డాయి.

ఫిబ్రవరి 12

నిన్న ఆ రెండు మాటలు రాసి పుస్తకం మూసేశాను. ఇంకేం రాయాలో తెలియలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. పొద్దున దుప్పటి మార్చబోతూ అమ్మే చూసింది. చూసి, కిటికీ తెరవడానికి వెళ్ళినట్టు అటు తిరిగింది. కిటికీ తెరిచే ఉంది.

నెలలు నిండాక, నొప్పులు రాకముందే, బాబు కదలడం మానేశాడు. కోసి తీశారు. ఇద్దరం వెళ్ళి ఇద్దరమే వచ్చాం. ఈ పుస్తకానికి అంతకన్నా తెలియనక్కర్లేదు.

నా ఒంటికి మాత్రం ఎవరూ కబురు చెప్పినట్టు లేరు. దాని పని అది చేసుకుపోతోంది.

పాలు ఆగిపోవడానికి డాక్టరు మాత్రలు రాసింది. అమ్మ ఒక మాత్రా, గ్లాసుతో నీళ్ళూ తెచ్చి మంచం పక్కన పెట్టింది.

"వేసుకోవే. గడ్డలు కట్టాయంటే జ్వరమొస్తుంది."

"అక్కడ పెట్టమ్మా. వేసుకుంటా."

రేపు వేసుకుంటాను.

ఫిబ్రవరి 13

రాళ్ళలా అయిపోయాయి. నొప్పి తట్టుకోలేక వాష్‌బేసిన్‌లోకి పిండేశాను. తరువాత నీళ్ళు వదలాలి కదా. వదల్లేకపోయాను. కుళాయి మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆయన పళ్ళు తోముకోవడానికి వచ్చి, బేసిన్‌లోకి చూసి, బ్రష్షు చేత్తో పట్టుకునే వెనక్కి వెళ్ళిపోయారు.

రైలు నడిపే మనిషి. సిగ్నల్ చూసి ఆగడం, సిగ్నల్ చూసి కదలడం ఆయనకి అలవాటు. నా మొహంలో ఏ రంగు వెలుగుతోందో పాపం అర్థం కావడం లేదు.

మాత్ర రేపు.

ఫిబ్రవరి 17

కుట్లు చూపించుకోవడానికి వెళ్ళాం. అమ్మ మందుల కౌంటర్ దగ్గర క్యూలో ఉంది. నేను కాళ్ళు సాగదీద్దామని నడవాలో అటూ ఇటూ తిరుగుతుంటే ఒక తలుపు మీద 'తల్లిపాల బ్యాంకు' అన్న బోర్డు కనిపించింది. తొమ్మిది నెలలుగా ఆ తలుపు ముందు నుంచే వెళ్ళాను. ఎప్పుడూ చదవలేదు.

లోపల బొద్దుగా ఒక సిస్టర్, సీసాలు తుడుస్తోంది.

"చెప్పమ్మా. మీ బాబుకెంత వయసు?"

"లేడు."

అయ్యో అనలేదు ఆవిడ. కుర్చీ లాగింది. "కూర్చో. ముందు నీ రక్తం పరీక్ష చెయ్యాలి. బాగుంటేనే తీసుకుంటాం." ఆ ఒక్క అయ్యో అననందుకు ఆవిడ చేతులు పట్టుకుని ఏడవాలనిపించింది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి డబ్బా పాలు పడవట. తల్లిపాలే కావాలట, ఏ తల్లివైనా సరే. "ఎవరికి పట్టామో నువ్వు అడక్కూడదు, నేను చెప్పకూడదు. అదొక్కటే రూలు," అంది.

నేనెందుకు అడుగుతాను. నొప్పి తగ్గేదాకా ఇస్తాను. పట్టుమని పది రోజులు.

ఫిబ్రవరి 26

పరీక్షలన్నీ బాగున్నాయి. పాలు తీసే పంపు ఇచ్చారు. గిర్రుమని ఒకటే చప్పుడు. అమ్మ పక్క గదిలో టీవీ సౌండు పెంచుతుంది.

ఇవాళ ఆయనతో గొడవ. ఫ్రిజ్ తెరిచి, తేదీలు రాసిన చిన్న చిన్న సీసాలు చూశారు.

"ఏంటివి?"

"పాలు. ఆస్పత్రిలో పిల్లలకి."

తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డారు. చల్లదనమంతా బయటికి పోతోంది.

"అవి వాడివి," అన్నారు.

"అయితే పిలవండి. వచ్చి తాగమనండి."

అనకూడని మాట. ఆయన తలుపు మెల్లగా మూశారు, అందులో ఎవరో పడుకుని ఉన్నట్టు. బూట్లు వేసుకుని వెళ్ళిపోయారు. డ్యూటీ సాయంత్రానిది. అప్పటికింకా టిఫిన్ కూడా కాలేదు.

మార్చి 3

ఇంకో పది రోజులు ఇస్తాను.

మార్చి 12

ఆఫీసుకి వెళ్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతుందంటే ఒప్పుకుంది. బాక్సు కడుతూ, ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగింది: "అసలు అక్కడ నువ్వు చేసే పనేంటే?"

చెప్పాను. ప్రొటీన్ అంటే అక్షరాల వరస అనుకో. ఎక్కడో ఏదో జంతువులో కొత్తది దొరుకుతుంది. అదేం పని చేస్తుందో ఎవరికీ తెలియదు. కంప్యూటర్ దాని వరస తీసుకెళ్ళి, పని తెలిసిన పాత ప్రొటీన్ల వరసల పక్కన పెడుతుంది. అక్షరాలు బాగా కలిస్తే, నువ్వు ఫలానా వాళ్ళ బంధువువి, నీ పనీ అదే అని పేరు తగిలించేస్తుంది. ఆ తగిలించింది సరైనదో కాదో నేను చూడాలి.

"అంటే వరస కలపడమన్నమాట," అంది అమ్మ. "మీ మేనత్త చేసే పనే. బస్సెక్కి దిగేలోపు పక్క సీటావిడతో వరస కలిపేస్తుంది. దానికి జీతం కూడా ఇస్తారా?"

నవ్వాను. ఆ రోజు తరువాత నవ్వడం ఇదే మొదటిసారి. నవ్వినందుకు వెంటనే బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

మార్చి 13

మా మేడమ్ నా టేబుల్ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. పరుగెత్తే మనిషి కాదు. "నీకు వేసిన ఫైలు నేను చూసుకోలేదు. ఇంకెవరికైనా ఇస్తాను, ఇటివ్వు."

"పర్వాలేదు మేడమ్. చేస్తాను."

కన్నీళ్ళలో ఉండే ప్రొటీనూ, పాలల్లో ఉండే ప్రొటీనూ. రెండూ ఒకే కుటుంబం. ఎప్పుడో ఒకే మూలం నుంచి చీలినవి. పక్కపక్కన పెడితే పదింట నాలుగు అక్షరాలు కలుస్తాయి. మడతపడ్డాక ఆకారమైతే దాదాపు ఒకటే. కన్నీళ్ళది సూక్ష్మజీవుల గోడల్ని కోసేస్తుంది. పాలది ఎవర్నీ కొయ్యదు, పాలల్లో తీపి తయారవడానికి సాయపడుతుంది. కోతకి కావలసిన రెండక్షరాలు దానిలో లేవు.

ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ తెలిసిన సంగతే. ఇవాళ మధ్యాహ్నం దాకా ఒక్క వరసా దాటలేకపోయాను. రెండు వైపులా తడిసిపోయింది చొక్కా.

మార్చి 22

సీసాల సంచి ఇవ్వడానికి వెళితే, పాలగది కిటికీ దగ్గర ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా నీలం రంగు చుక్కలు. ఇళ్ళకి రంగులేస్తాడట. ఈ నెలలో పాలిచ్చేవాళ్ళు ఒక్కరే ఉన్నారని ఎవరో చెప్పినట్టున్నారు. నా సంచి చూశాడు, నన్ను చూశాడు.

"అక్కా, మీరేనా?"

"ఏయ్, అడక్కూడదని చెప్పానా లేదా?" అంది సిస్టర్.

"అడగట్లేదు సిస్టర్, దణ్ణం పెడుతున్నా," అన్నాడు. నిజంగానే పెట్టాడు.

ఏడో నెలలో పుట్టిందట పాప. పెళ్ళానికి బీపీ పెరిగి, ఫిట్స్ వచ్చి, తలలో రక్తం గడ్డకట్టి ఆపరేషన్ చేశారు. పాప పుట్టిన సంగతి ఆమెకింకా తెలియదు. కళ్ళు తెరవలేదు. పై అంతస్తులో ఆమె, కింది అంతస్తులో పాప. ఇతను మెట్ల మీద. లిఫ్టులో వెళ్తే ఎటు ముందెళ్ళాలో తేల్చుకునే టైమ్ ఉండదక్కా, అందుకే మెట్లు, అన్నాడు.

"మీ ఇంట్లో బాబు నోటి దగ్గరివి తెచ్చి మాకు పోస్తున్నారు. మీ రుణం ఎట్లా తీర్చుకోవాలి?"

నేను సరిదిద్దలేదు. వాడి కష్టాలు వాడికున్నాయి. ఎందుకు సరిదిద్దాలి.

మార్చి 23

సిస్టర్‌ని బతిమాలితే అద్దంలోంచి చూడనిచ్చింది. ఒక్కసారే అంది. అక్కడి నర్సులందరూ పాపని గుప్పెడు అని పిలుస్తారు. గుప్పెడే ఉంది. ముక్కులోకి సన్నటి గొట్టం. గొట్టంలో తెల్లగా కదులుతున్నవి నావి.

మార్చి 24

చూశాను.

మార్చి 25

చూశాను.

ఏప్రిల్ 5

గొట్టం తీసేశారు. స్పూనుతో తాగుతోంది. గుప్పెడు ఆవలించింది. ఆవలిస్తే పై పెదవి ఒకవైపుకి లాగినట్టవుతుంది, అచ్చం నాకూ అంతే. అమ్మకి చెబితే, "ఎవరి పాలు తాగితే వాళ్ళ పోలిక రాదా ఏంటి" అంది. సైన్సు ప్రకారం శుద్ధ తప్పు. తెలుసు. నాకు తెలుసు.

ఆయన ఈ మధ్య ఫ్రిజ్ తెరవడం లేదు. నీళ్ళు కూడా కుళాయివే తాగుతున్నారు.

ఏప్రిల్ 12

పెయింటర్ నన్ను అక్కా అన్నాడు కాబట్టి గుప్పెడుకి నేను మేనత్తని. రేపు వాళ్ళావిడ లేచి నన్ను అక్కా అందనుకో, అప్పుడు పెద్దమ్మని. అత్త కన్నా పెద్దమ్మ నయం. అందులో అమ్మ ఉంది. డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పలేమంటున్నారట. ఆమె లేవకపోతే

ఏప్రిల్ 13

నిన్న నిద్రొచ్చి మధ్యలో ఆపేశాను. అంతే.

ఏప్రిల్ 17

ఆమె కళ్ళు తెరిచిందట. మంచిది.

ఏప్రిల్ 18

మంచిదని రాశానుగా. మంచిదే.

ఏప్రిల్ 20

జలుబు చేసింది. ఆస్పత్రికి వెళ్ళలేదు. నిన్న కూడా వెళ్ళలేదు. జలుబుతో చిన్నపిల్లల దగ్గరికి వెళ్ళకూడదు. అమ్మ నుదురు తాకి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పాలు మాత్రం తీస్తూనే ఉన్నాను. ఫ్రిజ్‌లో జాగా లేదు.

ఏప్రిల్ 21

పొద్దున లేచి ఫ్రిజ్ తెరిస్తే ఒక్క సీసా లేదు. పారేశారనుకున్నాను. ఆయన డ్యూటీ దిగి వచ్చేదాకా సోఫాలోంచి లేవలేదు. ఏమేం అనాలో అన్నీ వరసగా పేర్చి పెట్టుకున్నాను.

సంచి భుజాన వేసుకుని వచ్చారు. ఖాళీ సీసాలు టేబుల్ మీద పెట్టారు, కడిగినవి.

"నిన్నటి నుంచి పాప ఏడుస్తోందట. స్టాకైపోయిందంట," అన్నారు. "పాలు చల్లగా ఉండాలి కదా, ఐసు చుట్టూ పెట్టాను. డ్యూటీ ఆస్పత్రికి రెండు స్టేషన్ల అవతల దిగింది, అక్కడి నుంచి నడిచా."

"పాపని చూశారా?"

"లేదు. కిటికీలో ఇచ్చి వచ్చేశా."

పేర్చిపెట్టుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు. అన్నం వడ్డించాను. ఆయన తింటుంటే ఎదురుగా కూర్చున్నాను. చాలా రోజులైంది అలా కూర్చుని.

ఏప్రిల్ 27

ఆఫీసులో తప్పు చేశాను. చెట్ల మీద తిరిగే ఒక చిన్న జంతువు ప్రొటీన్ వచ్చింది. కంప్యూటర్ దాన్ని కన్నీళ్ళ ప్రొటీన్ అంది. నేను సరేనని పంపేశాను. అక్షరాలు బాగానే కలిశాయి. ఇంకేం కావాలి?

మేడమ్ వెనక్కి తెచ్చి నా ముందు పెట్టింది. తిట్టలేదు, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కోసే చోటు చూశావా?"

చూశాను. రెండక్షరాలూ లేవు. అది పాలది.

"వరస కలిసినంత మాత్రాన పని కలవదని నీ ఇంటర్వ్యూలో నాకు పాఠం చెప్పింది నువ్వే. నేను మర్చిపోలేదు." ఆగి, గొంతు తగ్గించింది. "ఇంకో నెల సెలవు పెట్టు, ఇస్తాను."

"వద్దు మేడమ్. కనబడలేదు, అంతే."

కనబడింది. మొదటిసారి చూసినప్పుడే కనబడింది. చూసి, మిగతా వరసంతా ఇంత చక్కగా కలుస్తుంటే రెండక్షరాలు ఎంతలే అనుకున్నాను.

మే 6

గుప్పెడు వాళ్ళమ్మ నన్ను చూడాలందట. పెయింటర్ ఫోన్ చేశాడు. రానని చెప్పడానికి కారణం దొరకలేదు. వెళ్ళాను.

చక్రాల కుర్చీలో ఉంది. నాకన్నా పదేళ్ళు చిన్నదేమో. ఆపరేషన్‌కి గీసేసిన జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది, ఎవరిదో వస్తువు దాచిపెట్టమని ఇచ్చినట్టు. కుడి చేతిలో పాప.

"రండక్కా, కూర్చోండి," అంది. మాట కొంచెం ముద్దగా వస్తోంది. "ఈ చెయ్యి ఇంకా నా మాట వినట్లేదు. కాసేపు పట్టుకోరూ."

ఇన్నాళ్ళూ అద్దంలోంచే. ఒళ్ళోకి రావడం ఇదే. ఎంత వేడిగా ఉందో. తల ఇటూ అటూ తిప్పి, నోరు తెరిచి, నా చొక్కా మీద వెతకడం మొదలుపెట్టింది. నా లోపల జివ్వుమని దిగింది. చొక్కా తడిసిపోయింది. దాచడానికి చేతులు ఖాళీ లేవు.

ఆమె చూసింది.

"పట్టండక్కా," అంది. "నాకు చుక్కలు చుక్కలుగా వస్తున్నాయి. సిస్టర్ రోజూ ప్రయత్నం చేయిస్తోంది. నేనేం అనుకోను. ఇన్నాళ్ళూ తాగింది మీవేగా."

పాప నోరు చొక్కా బొత్తానికి తగిలింది. ఒక్క బొత్తాం.

"మీ బాబెలా ఉన్నాడక్కా?" అంది ఆమె.

"బాగున్నాడు."

"ఎవరి పోలిక?"

"వాళ్ళ నాన్న పోలిక," అన్నాను. తడుముకోలేదు కూడా.

"పేరేం పెట్టారు?"

అప్పుడు లేచాను. "మావాడికి ఆకలేసే వేళైంది. వెళ్ళాలి."

ఆమె ఎడమ చెయ్యి ఎత్తి పాప వీపు కింద పెట్టాను, అది జారిపోకుండా దిండు ఆనించాను. పాప అక్కడా వెతికింది. దొరికింది. వదిలేసి ఏడ్చింది. మళ్ళీ పట్టుకుంది. చుక్కలే అయినా, ఏడుపాగింది. ఆమె నన్ను మర్చిపోయింది. అది సహజమే. నేను తలుపు దాకా వచ్చాక గుర్తొచ్చినట్టు తలెత్తి, "మీ వాడికి పెద్దయ్యాక చెప్పండక్కా, వాడికి ఇక్కడ ఒక చెల్లెలుందని," అంది.

చెప్తానన్నాను.

పాలగది సిస్టర్ నా చొక్కా చూసి తువ్వాలు అందించింది. సీసాల సంచి ఇచ్చి, ఇవే ఆఖరివి సిస్టర్, అన్నాను. "సరే. ఒక్కసారిగా ఆపకు. రోజూ కొంచెం కొంచెం తగ్గించుకో," అంది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. ఆయన రేపటి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నారు. అమ్మ ఇంట్లో లేదు. చెప్పులు విప్పకుండానే అడిగేశాను.

"ఏమండీ. బాబు ఎవరి పోలిక?"

ఆ రోజు ఆస్పత్రిలో ఎవరో సిస్టర్ బాబుని గుడ్డలో చుట్టి తెచ్చింది. చూస్తావామ్మా అంది. నేను గోడవైపు తిరిగాను. ఆయన చేతుల్లోకి తీసుకుని బయటికి వెళ్ళారు. ఎంతసేపున్నారో, ఎక్కడున్నారో తెలియదు. మళ్ళీ వచ్చినప్పుడు చేతులు ఖాళీ. ఇన్ని నెలల్లో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఈ పుస్తకంలో కూడా రాసుకోలేదు. నేను తప్ప అందరూ చూశారు నా కొడుకుని.

ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపారు.

"తెలీలేదు," అన్నారు. "అంటారుగా అందరూ, ముక్కు ఫలానా వాళ్ళది, గడ్డం ఫలానా వాళ్ళది అని. నేనూ వెతికాను. ఏదీ తేలలేదు. వాడు వాడిలాగే ఉన్నాడు."

"జుట్టు?"

"ఉంది. చాలా. నుదుటికి అంటుకుపోయి."

"కళ్ళు?"

"మూసుకునే."

"ఇంకా?"

చొక్కా మడత పెట్టబోయి, మానేశారు.

"గోళ్ళు పెరిగి ఉన్నాయి," అన్నారు. "వేళ్ళ చివరలు దాటి. మొహం గీరుకుంటాడేమో, తీయాలి అనుకున్నాను. నిజంగానే అనుకున్నానే. కట్టర్ ఉందా అని సిస్టర్‌ని అడిగాను కూడా. ఆవిడ నా మొహం వంక అలా చూసి..."

నేల మీదే కూర్చున్నారు. ఆయన ఏడవడం నేను చూడటం ఇదే మొదలు. పక్కన కూర్చున్నాను. ఆయన చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

"ఇంకా చెప్పండి," అన్నాను.